గవిలో రాత్రి బస: లోతు కాదు, కప్పు చూడాలి

అందరికీ నమస్కారం.

తిరుపతి నుంచి శేషాచలం కొండల్లోకి నడిచేవాళ్లలో చాలామందికి గవి ఎంత లోతుంటే అంత భద్రమన్న నమ్మకం ఉంది. ఈ పూట చెప్పదలచుకున్నది దానికి పూర్తిగా ఎదురు మాట. తల దాచుకోవడానికి కావలసింది లోతైన గుహ కాదు, గొడుగులా ముందుకు వాలిన బండ చరియ.

ముందుగా అనుమతి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. రాత్రి బస ఉంటే అనుమతి పత్రంలో ఆ మాట విడిగా రాయించుకోవాలి. ఎర్రచందనం దొంగల కోసం గస్తీ తిరిగే అడవి ఇది.

ఘాట్ రోడ్డులో తెగిన కొండను చూస్తే చరియ ఎలా పుడుతుందో తెలుస్తుంది. అడుగున గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్జైట్ అనే గట్టి రాయి. నడుమనున్న షేల్ అనే మెత్తటి మట్టిరాయి పొర వానకు నాని రాలిపోతుంది, పైనున్న గట్టి పలక మిగులుతుంది. మనకు కప్పు ఆ పలకే. అందుకే లోపలికి వెళ్లకముందే నేల చూడండి. అంచులు పదునుగా, విరిగిన ముఖం కొత్త రంగులో ఉన్న పెచ్చులు పడి ఉంటే ఆ కప్పు ఇంకా రాలుతోందని అర్థం. అనుమానం ఉంటే పక్కకు నిలబడి చేతికర్రతో తట్టండి. బోలుగా మోగితే దాని కింద పడుకోవద్దు.

ఇక మంట. చరియ కింద పొయ్యి వద్దే వద్దు. అడవిలో నిప్పు నిషేధమన్నది ఒక్కటే కారణం కాదు. రాతిలో వేడి త్వరగా లోపలికి పాకదు. పైముఖం కాగి ఉబ్బుతుంది, వెనక చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకు పెచ్చు పేలి ఊడిపడుతుంది. క్వారీల్లో పరుపుబండ మీద మంటపెట్టి పలకలు లేపే పాత పద్ధతిలో జరిగేదీ ఇదే. మనం దాన్ని నెత్తిమీద చేసుకుంటాం! పైగా పొగ తగిలితే చరియకు పట్టిన కొండ తేనెటీగలు లేస్తాయి. పట్టు కనిపించిన చోట బస మానుకోవాలి, రాత్రి టార్చి అటు వేయకూడదు.

లోతైన గవి ఎలుగుబంటికి ఇల్లు. నల్లటి వెంట్రుకలు, పండ్ల గింజలు కలిసిన పెంట, దగ్గర్లో తవ్విన పుట్టలు కనబడితే వెనక్కి తిరగండి. ఎముకలు, ఘాటైన మూత్రం వాసన ఉంటే చిరుత కావచ్చు. ఎండిన గబ్బిలాల పెంట మీద పడక వేయొద్దు. దాని దుమ్ములోని ఫంగస్ ఊపిరితిత్తులకు చేటు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలు ప్రమాదం నీరు. తుంబురు తీర్థం లాంటి ఇరుకు లోయల్లో, పైన ఎక్కడో వాన కురిసినా వంక పొంగుతుంది. కొమ్మల్లో, బండ సందుల్లో చిక్కుకున్న చెత్త పాత వరద గుర్తు. పడక దానికి కనీసం రెండు నిలువుల ఎత్తున ఉండాలి, దిగకుండా కొండపైకి పోయే దారీ ఉండాలి. కప్పు అంచు కింద నేలలో చినుకులు తొలిచిన చిన్న గుంటల వరుస కనిపిస్తుంది. దానికి మీటరు లోపలికి పడుకుంటే జల్లు తగలదు.

పిడుగుల వేళ మాత్రం చరియ మేలన్న మాట చెల్లదు. కొండకు కొట్టిన పిడుగు తోవ వెతుక్కుంటూ గవి నోటి దగ్గర పైకప్పు నుంచి నేలకు దూకుతుంది. నోరు, గోడ రెండూ మనిషికి దూరంగా ఉండేంత చోటు లేకపోతే, ఉరుము వినపడగానే దిగువకు, వంకలోకి మాత్రం కాకుండా వెళ్లి, ఒకే ఎత్తు చెట్లున్న చోట విడివిడిగా కూర్చోవాలి. ఒంటరి చెట్టు కిందికి పోవద్దు.

సామాను సంగతి క్లుప్తంగా: మనిషికి 4 లీటర్ల నీళ్లు, 10 మిల్లీమీటర్ల ఫోమ్ చాప, ఒక్కొక్కరికీ రెండు టార్చీలు. డిసెంబరులో సుమారు 5.45కే పొద్దు గూకుతుంది, లోయలో ఇంకా ముందే చీకటి. పైన చెప్పినవన్నీ చూడటానికి గంట పడుతుంది కాబట్టి 3.30కల్లా చోటు తేల్చుకోండి. బూట్లు సంచిలో పెట్టి మూతి కట్టండి, తెల్లారి తొడిగేముందు దులపండి. తేళ్లు వెచ్చటి చోటే వెతుక్కుంటాయి.