కొలెస్ట్రాల్ మాత్ర కిడ్నీలకు చేటా?

శ్రోతలకు నమస్కారం.

కొలెస్ట్రాల్ మాత్ర వాడితే కిడ్నీలు పాడవుతాయట అన్న మాట చాలామంది విని ఉంటారు. ఆ భయంతో డాక్టరుకు చెప్పకుండానే మానేసేవారూ ఉన్నారు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవారు కూడా అలా చేస్తుంటారు. అది పెద్ద ప్రమాదం.

ఎక్కువమంది వాడేవి స్టాటిన్లు. మీ చీటీలో అటోర్వాస్టాటిన్ అని ఉందా, రోసువాస్టాటిన్ అని ఉందా చూసుకోండి. అటోర్వాస్టాటిన్ మూత్రంలోకి వచ్చేది 2 శాతం కన్నా తక్కువే. మిగిలిందంతా కాలేయం చూసుకుంటుంది. అందుకే కిడ్నీ జబ్బు ఉన్నా దీని మోతాదు తగ్గించనక్కర్లేదు. రోసువాస్టాటిన్‌తో కాస్త జాగ్రత్త కావాలి. మోతాదు ఎక్కువైతే కొందరికి మూత్రంలో ప్రోటీన్ పోతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, 10 దాటనివ్వరు. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, అంటే మీ క్రియాటినిన్ రిపోర్టు గుండె డాక్టరుకు కూడా చూపించండి. ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకు తెలియకపోవడం మన దగ్గర మామూలే.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. చాలా అరుదుగా స్టాటిన్ల వల్ల కండరాలు ఒక్కసారిగా చితికిపోతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి, కిడ్నీలోని సన్నని గొట్టాలను దెబ్బతీస్తుంది. 2001 ఆగస్టులో బేయర్ కంపెనీ సెరివాస్టాటిన్ అనే స్టాటిన్ మందును మార్కెట్ నుంచి తీసేసింది ఇందుకే. రక్తంలో కొవ్వు తగ్గించే జెమ్‌ఫైబ్రోజిల్ అనే ఇంకో మందుతో కలిపి వాడినవారికి ఆ ముప్పు మరీ ఎక్కువైంది. ఇప్పుడున్న స్టాటిన్లు అంత ప్రమాదకరం కావు. కానీ గొంతు నొప్పి అని మెడికల్ షాపులో అడిగి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చి వేసుకున్నారనుకోండి, ఒంట్లో అటోర్వాస్టాటిన్ పాళ్లు పెరిగిపోతాయి. సిమ్వాస్టాటిన్ అనే మరో స్టాటిన్ వాడేవారైతే క్లారిత్రోమైసిన్ అసలు వేసుకోకూడదు. తొడలు, భుజాలు విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువున్నవారికి ఫెనోఫైబ్రేట్ అనే మందు ఇస్తారు. ఇది మొదలుపెట్టిన కొన్ని వారాలకే క్రియాటినిన్ కొంచెం పెరగవచ్చు. రిపోర్టు చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. చాలామందిలో మందు ఆపితే అది మళ్లీ దిగుతుంది, అంటే కిడ్నీ పాడైనట్టు కాదు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు, డాక్టరు మళ్లీ పరీక్ష చేయించి చూస్తారు. కిడ్నీ జబ్బు ముదిరినవారికైతే ఈ మందు ఇవ్వరు.

మరి కిడ్నీ రోగులకు స్టాటిన్ మేలు చేస్తుందా? సుమారు 9 వేల మంది కిడ్నీ రోగులతో చేసిన షార్ప్ అనే అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. సిమ్వాస్టాటిన్, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలిపి వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు ఆరో వంతు తగ్గాయి. కిడ్నీ జబ్బు ముదరడం మాత్రం ఆగలేదు. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ ఇస్తే పెద్దగా లాభం కనబడలేదు కనుక, అప్పుడు సాధారణంగా మొదలుపెట్టరు. ముందు నుంచీ వాడుతున్నవారికి మాత్రం కొనసాగిస్తారు.