ఏళ్ల తరబడి మూలనపడిన మోటార్ సైకిల్‌ను తిరిగి రోడ్డెక్కించడం ఎలా?

[తెరపై: కొబ్బరితోటలో పెంకుటింటి వెనక రేకుల షెడ్డు. ధాన్యం బస్తాల పక్కన దుమ్ము పట్టిన హీరో హోండా స్ప్లెండర్ ప్లస్.]

కోనసీమలో ఏ ఊరికి వెళ్లినా, గల్ఫ్ దేశాలకో హైదరాబాద్‌కో వెళ్లినవారి ఇంటి వెనక ఇలాంటి బండి ఒకటి కనిపిస్తుంది. మీరు చూస్తున్నది 2009లో రిజిస్టర్ అయిన బండి. యజమాని కువైట్ వెళ్లిన నాటి నుంచి రాజోలు దగ్గరలోని ఈ షెడ్డులోనే ఉండిపోయింది. ఇటువంటి బండిని బయటకు తీయగానే చుట్టూ చేరినవారు ఒకరి తరువాత ఒకరు కిక్కు కొట్టడం మొదలుపెడతారు. ఇంజను పలికితే బండి బాగుపడినట్లే లెక్క వేస్తారు. ఇంజను స్టార్ట్ కావడం వేరు, ఆ బండి మనిషిని కూర్చోబెట్టుకుని రోడ్డు మీద తిరగడం వేరు. మొదటిదానికి తొందరపడితే రెండవదానికి ఖర్చు పెరుగుతుంది.

డెల్టాలో నిలిచిపోయిన బండిని కాలం కంటే తేమే ఎక్కువగా పాడుచేస్తుంది. ఇంజను ఆగిపోయినప్పుడు ఇన్‌లెట్ వాల్వో ఎగ్జాస్ట్ వాల్వో తెరుచుకుని ఉండిపోతే, కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) నుంచో సైలెన్సర్ నుంచో వచ్చే తడిగాలి సిలిండర్‌లోకి చేరి, పిస్టన్ రింగులు బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను, తాకే చోట తుప్పు పట్టిస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాలలో ఆ గాలికి ఉప్పు తోడవుతుంది. ఇదే బండి అనంతపురంలో అన్నేళ్లూ ఉంటే టైర్లు ఎండి పగిలేవి గాని, ఇంజను ఇంతగా బిగుసుకునేది కాదు.

[తెరపై: స్పార్క్ ప్లగ్గు, ప్లగ్గు పానా, సైకిల్ పంపు.]

కిక్ రాడ్డును ముట్టుకోకుండా పని మొదలుపెట్టాలి. ప్లగ్గు చుట్టూ పేరుకున్న దుమ్మును సైకిల్ పంపుతో ఊదిన తరువాతే ప్లగ్గు విప్పాలి. లేకపోతే ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి ఒక రాత్రి వదిలేయాలి. మరునాడు మెయిన్ స్టాండు వేసి, వెనక చక్రాన్ని కొద్దిగా కదుపుతూ టాప్ గేరులోకి తెచ్చి, చువ్వల మధ్య వేళ్లు పెట్టకుండా టైరును మాత్రమే పట్టుకుని నెమ్మదిగా ముందుకు తిప్పాలి. చక్రంతో పాటు ఇంజను కదిలితే పెద్ద ఆటంకం దాటినట్లే. కదలకపోతే డీజిలు, ఇంజనాయిలు సమంగా కలిపి పోసి రెండు మూడు రోజులు ఆగాలి. అప్పటికీ బిగుసుకునే ఉంటే బోరు విప్పించడమే మార్గం. కిక్కు మీద ఎక్కి తొక్కితే ఊడిన తుప్పు రేణువులు బోరును గీసేస్తాయి. రింగులతో తీరవలసిన పని బోరింగు (బోరును కోసి వెడల్పు చేయడం), కొత్త పిస్టన్ వరకు వెళుతుంది.

పాత ఇంజనాయిలును ఎలాగూ తీసేయాలి. తీసేటప్పుడు దాని రంగు చూడడం మరవకూడదు. నల్లగా ఉంటే సహజమే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇంజనులోకి నీరు చేరిందని అర్థం. 2022 జూలై వరదల్లో నీరు నిలిచిన లంక గ్రామాలలోని బండి అయితే దీనిని ముందే అనుమానించాలి. అటువంటప్పుడు కొత్త ఆయిలు పోసి కొద్ది నిమిషాలు నడిపి, దానిని కూడా పారబోసి మళ్లీ పోయాలి. ఈ తరగతి బళ్లకు పట్టేది సుమారు ఒక లీటరే కాబట్టి, ఇక్కడ పొదుపు చేయడంలో అర్థం లేదు.

[దగ్గరి దృశ్యం: ట్యాంక్ నుంచి తీసిన పెట్రోల్ గాజు సీసాలో. పైన పసుపు రంగు ద్రవం, అడుగున మబ్బుగా మరో పొర, దాని కింద ఎర్రటి తుప్పు.]

ఈ సీసాను జాగ్రత్తగా చూడండి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. అది పీల్చుకున్న నీరు ఒక హద్దు దాటగానే, నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగి పెట్రోల్ నుంచి విడిపోతాయి. కార్బురేటర్‌కు వెళ్లే గొట్టం ట్యాంక్ అడుగు నుంచే మొదలవుతుంది కాబట్టి, ఇంజనుకు ముందు అందేది ఆ నీళ్ల పొరే. మన దేశంలో 10 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం 2022లో నెరవేరింది. 2023 నుంచి 20 శాతం కలిపిన పెట్రోల్ బంకులకు రావడం మొదలైంది. పాత బళ్ల రబ్బరు భాగాలు దానిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. అందువల్ల పెట్రోల్ గొట్టాన్ని, కార్బురేటర్ వాషర్లను కొత్తవి వేయించడం మంచిది.

ట్యాంక్ లోపలి తుప్పు పలుచగా ఉంటే, వెనిగర్ నింపి ఒకటి రెండు రోజులు ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, తడి మిగలకుండా ఎండలో ఆరబెట్టి, వెంటనే కొద్దిగా ఆయిలు తిప్పాలి. ఆరబెట్టడంలో అలసత్వం చూపితే తుప్పు మళ్లీ పడుతుంది. చిల్లు పడిన ట్యాంక్‌ను మాత్రం కడగకుండా వెల్డింగుకు ఇవ్వకూడదు. ఖాళీ ట్యాంక్‌లో నిలిచిన పెట్రోల్ ఆవిరి నిండు ట్యాంక్ కంటే ప్రమాదకరం.

కార్బురేటర్ అడుగు గిన్నె విప్పితే ఎండిన పెట్రోల్ జిగురుగా కనిపిస్తుంది. పెట్రోల్‌ను కొలతగా వదిలే సన్నటి రంధ్రాల జెట్‌లను విప్పి, కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంధ్రం గుండ్రంగా తెరుచుకుందో లేదో చూడాలి. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం సైజు మారిపోతుంది. చోకు లాగితే నడుస్తూ, వదలగానే ఆగిపోయే బండిలో ఎక్కువగా, తక్కువ వేగంలో పెట్రోల్ అందించే పైలట్ జెట్టే మూసుకుపోయి ఉంటుంది.

ధాన్యం దగ్గర నిలిపిన బండి కదా, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచేసరికి ఎలుక గూడు బయటపడింది: వరిగడ్డి, కొరికిన ఫోము, మధ్యలో కొన్ని గింజలు. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కట్టాయేమో కూడా చూసుకోవాలి. ఎలుకలు ఉన్నచోట వైర్లను మొత్తం తడిమి చూసి, ఆకుపచ్చగా చిలుము పట్టిన కనెక్టర్లను శుభ్రం చేయాలి. అన్నేళ్లు ఛార్జింగు లేని బ్యాటరీ మీద ఆశ పెట్టుకోనక్కరలేదు.

[దగ్గరి దృశ్యం: తెరిచిన వెనక డ్రమ్ము. స్క్రూ డ్రైవర్ మొనతో తాకగానే లైనింగు షూ నుంచి ఊడి వస్తుంది.]

ఇంజను కంటే ముందు చూపించవలసినది బహుశా ఇదే. బయటి నుంచి చూస్తే ఈ బ్రేకు బాగానే ఉంది. పెడల్ తొక్కితే చక్రం ఆగింది కూడా. లోపల మాత్రం, డ్రమ్ముకు రాసుకుని చక్రాన్ని ఆపే లైనింగును షూకు అతికించిన జిగురు తేమకు వదిలిపోయింది. లైనింగు పరుగులో ఊడితే షూకూ డ్రమ్ముకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని ఒక్కసారిగా పట్టేయవచ్చు. షూలు మార్చాలి. డ్రమ్ము లోపలి దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి, ఎందుకంటే పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పెడల్ తొక్కినప్పుడు షూలను బయటకు నెట్టే, గ్రీజు ఎండిపోయి బిగుసుకున్న బ్రేక్ క్యామ్‌ను బయటకు తీసి, తుప్పు గీకి, పలుచగా గ్రీజు రాయాలి. లేకపోతే తొక్కిన పెడల్ తిరిగి పైకి రాదు. బ్రేకు, క్లచ్ కేబుళ్ల చివరన ఒక్క పోగు తెగి కనిపించినా కేబుల్ మార్చాలి. సఖినేటిపల్లి రేవులో, బళ్లను నది దాటించే పంటు ఎక్కడానికి వాలులో దిగుతున్నప్పుడు, ముందు గోదావరి, వెనక మరో నాలుగు బళ్లు ఉన్నచోట, ముందు బ్రేకు కేబుల్ తెగితే ఏమవుతుందో ఈ ప్రాంతం వారికి వివరించనక్కరలేదు.

టైరు పక్కభాగాన నాలుగు అంకెల గుర్తు ఉంటుంది. 2316 అని ఉంటే ఆ టైరు 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు అరగలేదు కదా అని చాలామంది పాత టైరునే ఉంచమంటారు; పక్కల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే మేము ఆ మాట వినము. ట్యూబులు కూడా మార్చాలి, ఎందుకంటే అవి వాల్వు మొదట్లో పగులుతాయి.

తొలిసారి స్టార్ట్ చేసేటప్పుడు, ప్లగ్గు బయట ఉంచి పదిపదిహేను సార్లు నెమ్మదిగా కిక్కు తిప్పితే ఆయిలు పైకి చేరుతుంది. ఆ తరువాత కొత్త ప్లగ్గు బిగించి, తాజా పెట్రోల్ పోసి స్టార్ట్ చేయాలి. సిలిండర్‌లో పోసిన ఆయిలు కాలేవరకు పొగ వస్తుంది. ఇంజను బాగా వేడెక్కిన తరువాత కూడా నీలి పొగ ఆగకపోతే రింగులనో వాల్వు సీళ్లనో చూపించాలి. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది కాబట్టి, ఎదురుగా మనుషులు లేని చోట, బ్రేకు పట్టుకుని గేరు వేయాలి.

కాగితాల పని ఇంకా మిగిలి ఉంది. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. కాబట్టి ఈ 2009 బండి గడువు 2024తో ముగిసింది. పునరుద్ధరిస్తే మరో 5 ఏళ్లు ఇస్తారు. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డు మీదకు రాకూడదు. కాలుష్య ధ్రువపత్రం కూడా ఉండాలి. ఇవి పూర్తయ్యేవరకు బండిని రవాణా కార్యాలయానికి ట్రాలీ ఆటోలో తీసుకువెళ్లడమే సరైన పద్ధతి. అక్కడ చాసిస్ నంబరును సరిచూస్తారు కాబట్టి, దాని మీది తుప్పును కిరోసిన్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తోనే తీయాలి. గరుకు కాగితంతో రుద్దితే అంకెలు చెరిగిపోయి, బండి ఎంత బాగున్నా తనిఖీలో చిక్కు వస్తుంది.

[తెరపై: కడిగిన బండి, కాలువ గట్టు రోడ్డు.]

మొదటి వంద కిలోమీటర్లు ఊరికి దగ్గరలోనే తిప్పాలి. కొత్త బ్రేకు షూలు డ్రమ్ముకు పూర్తిగా ఒదగడానికి కొంత దూరం పడుతుంది, కాబట్టి అప్పటివరకు ముందు వాహనానికి దూరంగా నడపాలి. ఆ తరువాత చైన్ వదులును 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉండేటట్లు సరిచేసి, చక్రాల నట్లు, చువ్వలు మరోసారి బిగించి, ఆయిలును మళ్లీ ఒకసారి మార్చాలి. ఈసారి బయటకు వచ్చే ఆయిలులో ఇనుప రజను మెరుస్తూ కనిపిస్తే బండిని అక్కడే ఆపి మెకానిక్‌కు చూపించాలి.