రూపాయి బిళ్లతో గ్లాస్టన్‌బరీ గోడ గీద్దాం

హాయ్ అండీ. ముందు ఒక కాగితం, పెన్సిల్, రూపాయి బిళ్ల తెచ్చుకోండి. కావాలంటే వీడియో పాజ్ చేయండి.

బిళ్ల పెట్టి పై సగం మాత్రమే గీయండి. బిళ్లను సగానికి పక్కకు జరిపి మళ్లీ గీయండి. అలా ఐదారు సార్లు. అన్నీ గుండ్రని కమానులే గీశాం కదా? ఇప్పుడు గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట, దాని కింద చూడండి. మొనదేలిన కమాను దానంతటదే వచ్చేసింది!

ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో, గ్లాస్టన్‌బరీ మఠం శిథిలాల్లో లేడీ చాపెల్ గోడల మీద ఈ డిజైనే ఉంటుంది. లేడీ అంటే మేరీమాత, చాపెల్ అంటే చిన్న ప్రార్థన మందిరం. కప్పు లేదు కానీ గోడలు చాలావరకు నిలబడే ఉన్నాయి.

1184లో మఠం అంటుకుంది. మేరీమాత పాత చర్చి కూడా బూడిదైంది. రెండో హెన్రీ రాజు డబ్బిచ్చాడు. సరిగ్గా ఆ పాత చర్చి ఉన్న చోటే చాపెల్ లేపి, రెండు మూడేళ్లలో ప్రతిష్ఠ కూడా చేసేశారు. ఆ స్పీడు ఇప్పటి కాంట్రాక్టర్లకు చెప్పకండి.

పక్కన కట్టిన పెద్ద చర్చిలో అప్పుడు కొత్తగా వస్తున్న గోథిక్ మొన కమానులు పెట్టారు. చాపెల్ తలుపులు, కిటికీలు మాత్రం పాత పద్ధతిలో గుండ్రంగానే ఉన్నాయి. కొత్తది చేతకాక కాదు, కాలిపోయిన చర్చి పాతదనం పోకూడదనే అలా కట్టారని నాకనిపిస్తుంది.

చాపెల్ ఉత్తరపు తలుపు చుట్టూ గబ్రియేలు దేవదూత, యేసు పుట్టుక, జ్ఞానులు, హేరోదు రాజు... బొమ్మలు నిండుగా ఉంటాయి. ఇప్పుడు దక్షిణం తలుపు జూమ్ చేస్తున్నా, జాగ్రత్తగా చూడండి. ఆదాము హవ్వల బొమ్మలు ఒకటి రెండు చోట్ల ఉన్నాయి. మిగతా రాళ్లు బోసిగా వదిలేశారు. అంటే రాళ్లు పేర్చాక, గోడ మీదే చెక్కేవారన్నమాట. పని ఎందుకు ఆగింది? 1189లో హెన్రీ పోయాడు, తర్వాత వచ్చిన రాజు రిచర్డ్ డబ్బును క్రూసేడ్‌కు, అంటే జెరూసలేం కోసం చేసిన మతయుద్ధానికి, మళ్లించాడు. నా అనుమానం దాని మీదే.

1500 ప్రాంతంలో మఠాధిపతి రిచర్డ్ బీర్ చాపెల్ అడుగున, యేసును సమాధి చేసిన అరిమతయియ యోసేపు పేరిట నేలమాళిగ తవ్వించాడు. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాన్నే మూసేశాడు. ఒక హెన్రీ కట్టిస్తే ఇంకో హెన్రీ ముంచాడు.

మళ్లీ మీ కాగితం తీయండి. ప్రతి కమాను కాలు దిగిన చోట ఒక నిలువు గీత గీయండి. అవి లయాస్ అనే నీలి సున్నపురాతి సన్న స్తంభాలు. గోడ మీద చాలా చోట్ల అవి ఊడిపోయాయి, అందుకే మీరు ఒకటి రెండు చెరిపేయొచ్చు.