గురజాడ వారింట్లో గొంతెత్తి చదవండి

అందరికీ నమస్కారం.

పోయిన నెల మా మనవరాలిని తీసుకుని విజయనగరంలో గురజాడ వారి ఇంటికి వెళ్లొచ్చాను. ఆ సంగతులు మాట్లాడమని మన గ్రంథాలయం వాళ్లు అడిగారు. మాట్లాడతాను. కానీ చివర్లో మీ అందరినీ ఒకటి అడగబోతున్నాను, ముందే చెప్పేస్తున్నాను.

ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే విజయనగరంలో దిగుతాం. గురజాడ వారిల్లు అంటే ఆటోవాళ్లకి వేరే గుర్తులు చెప్పక్కర్లేదు. ఆయన పుట్టింది 1862లో రాయవరంలో అయినా, చదువు, ఉద్యోగం, రాత చాలావరకు విజయనగరంలోనే. 1915లో, యాభై మూడేళ్లకే, పోయిందీ ఆ ఊళ్లోనే. ఆయన ఉన్న ఇంటిని పడగొట్టకుండా, అపార్ట్‌మెంట్ కట్టెయ్యకుండా స్మారకంగా కాపాడుకున్నారు. అది చిన్న విషయం కాదు. మన వైపు ఎంతమంది పెద్దవాళ్ల ఇళ్లు మిగిలాయో మీకు తెలుసు.

లోపలికి వెళ్లాం. మా పిల్ల పది నిమిషాల్లో అంతా తిరిగేసి, "అయిపోయిందా అమ్మమ్మా?" అంది.

దాని తప్పు లేదు. రాజుగారి కోటకి వెళితే కత్తి చూపిస్తారు. వీణ విద్వాంసుడి ఇంట్లో వీణ చూపిస్తారు. నాటకం రాసినాయన ఇంట్లో ఏం చూస్తాం? ఆయన ఆస్తంతా మాటలే కదా. అవి చెవిన పడితేనే ఉన్నట్టు.

సంచిలోంచి నా కన్యాశుల్కం తీశాను. అట్ట ఎప్పుడో ఊడిపోతే క్యాలెండర్ కాగితంతో అట్టేసుకున్న ప్రతి అది. కుట్టు తెగి రెండు ముక్కలైంది. పేకాట రంగం ఉన్న పేజీలో పసుపు మరక, నా వేలిముద్రతో సహా. వంటింట్లో చదివిన పుస్తకం మరి. మొదటి పేజీ తీసి, "గట్టిగా చదువు" అన్నాను.

ముందు క్లాసులో పాఠం అప్పజెప్పినట్టే మొదలెట్టింది. ఎత్తుగడే గిరీశం. సాయంకాలం బొంకుల దిబ్బ దగ్గర ఒంటరిగా నిలబడి, పూటకూళ్లమ్మకి సరుకులు కొనిపెడతానని తీసుకున్న ఇరవై రూపాయలు ఎలా ఖర్చయ్యాయో తనలో తనే చెప్పుకుంటూ ఉంటాడు. నాలుగు వాక్యాలయ్యేసరికి పిల్లకి నవ్వు ఆగలేదు. పక్కన ఫొటోలు చూస్తున్న పెద్దాయన ఒకరు, "అలా కాదు తల్లీ, వాడు తప్పు చేసినట్టు చెప్పడు, గొప్ప చేసినట్టు చెప్తాడు" అని పుస్తకం చూడకుండా తనే అందుకున్నారు. ఇంకో ఇద్దరు గుమ్మం దగ్గర ఆగిపోయారు. అప్పటిదాకా ఆ గదిలో మనుషులు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఆ తర్వాత ఎవరూ గుసగుసలాడలేదు.

"బొంకుల దిబ్బ అంటే నిజంగా ఉందా?" అని అడిగింది మా పిల్ల. ఉంది. కోట దగ్గరే. నడిచి వెళ్లాం. ఎండలో చెప్పులు కాలుతున్నా అక్కడే నిలబడి ఆ మొదటి రంగం మళ్లీ చదివించాను. బొంకు అంటే అబద్ధం. అబద్ధాలతో బతికే మనిషిని తెచ్చి ఆ పేరున్న చోటే నిలబెట్టాడు చూడండి, అది నాకు నలభై ఏళ్లుగా తెలిసిన విషయమే. కానీ అక్కడ నిలబడ్డాకే ఇంకోటి తట్టింది. 1892లో జగన్నాథ విలాసినీ సభ అనే నాటక సమాజం వాళ్లు ఈ నాటకాన్ని మొదటిసారి ఆడింది విజయనగరంలోనే. అంటే చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ దిబ్బని ఎరిగినవాళ్లే. అప్పటిదాకా స్టేజీ మీద ఇంద్రసభలూ అంతఃపురాలూ చూసిన జనానికి, తెర లేవగానే తమ ఊరి వీధి, తమ ఇంట్లో మాట్లాడే మాట వినిపించాయి. వాళ్లకి ఎలా అనిపించి ఉంటుందో!

మాట దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోకండి.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో "వచ్చీసేను", "తినీసేను" అంటే పక్క సీటువాళ్లు పడీ పడీ నవ్వేవారట. "ఏటి" అంటే చాలు, మళ్లీ అనమనేవారట. కొన్నాళ్లకి అది ఆఫీసులో ఉండగా నా ఫోన్ ఎత్తడమే మానేసింది. నాతో మాట్లాడితే యాస బయటపడిపోతుందని. ఆ విషయం తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ గడ్డ మీద మనుషులు నోటితో మాట్లాడే తెలుగు నాటకానికి పనికొస్తుందని గురజాడ 1897లో, మొదటి ముద్రణ పీఠికలోనే, చెప్పుకున్నారు. చనిపోవడానికి ఏడాది ముందు, 1914లో, మద్రాసు విశ్వవిద్యాలయానికి రాసిన అసమ్మతి పత్రంలోనూ వాడుక భాష వైపే నిలబడ్డారు. ఆయనతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి గారు మన పర్వతాలపేటలో పుట్టినవారు. ఈ రోజు పేపర్లో, టీవీలో నడిచే తెలుగు కోసం కొట్లాడినవాళ్లలో ఇద్దరు మనవాళ్లే. మా అమ్మాయికి ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది.

ఆ పీఠికలోనే ఇంకో లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల, అంటే పిల్లకి వెల కట్టి చేసిన పెళ్లిళ్ల, జాబితా విజయనగరం మహారాజా ఆనంద గజపతి తయారు చేయించారు. 1034 తేలాయి. అంటే ఏడాదికి సగటున 344. అందులో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు అయిదేళ్లు. ముగ్గురికి ఏడాది. ఆ పసిగుడ్డుల ధర 350 నుంచి 400 రూపాయలు. మనది అప్పట్లో గంజాం జిల్లా, కాబట్టి మన చికాకోలు, అంటే శ్రీకాకుళం, పిల్లలు ఆ జాబితాలో లేరు. లేరంటే ఇక్కడ జరగలేదని కాదు, ఎవరూ లెక్కపెట్టలేదు. రైల్లో తిరిగి వస్తూ ఈ పేరా చదివి వినిపిస్తే మా పిల్ల చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత, "సుబ్బి వయసెంత అమ్మమ్మా?" అంది. సుబ్బి అంటే అగ్నిహోత్రావధాన్లు గారు ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోయిన కూతురు.

1909లో ఆయన నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. మనం చదువుకునేది ఆ రెండోదే. నాటకంలోని వేశ్య మధురవాణి అంత పెద్ద పాత్రగా ఎదిగింది అందులోనే.

ఇక నేను అడగాల్సింది. జయంతికీ వర్ధంతికీ దండలు వేస్తున్నారు, మంచిదే. సెప్టెంబర్ 21 దాకా ఆగకుండా, వచ్చే నెల రెండో ఆదివారం మనమే వెళదాం. అనుమతి సంగతి నేను మాట్లాడతాను. కుదరకపోతే బొంకుల దిబ్బ ఉండనే ఉంది. ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చుకోవాలి, మొదటి అంకమూ పేకాట రంగమూ పాత్రలు పంచుకుని చదవాలి. గిరీశానికి ఇప్పటికే ముగ్గురు పేర్లిచ్చారు. పోలిశెట్టికి మా వీధి కిరాణా కొట్టాయన ఒప్పుకున్నారు. వెంకటేశం మా మనవరాలు చదువుతుంది. మధురవాణి ఇంకా ఖాళీగా ఉంది. ఈ వరసలో వెనక కూర్చున్న అమ్మాయిలూ, మీలో ఎవరు చదువుతారో మీటింగ్ అయ్యాక నాకు చెప్పండి.