పన్నెండు మాటల తాళంచెవి

శ్రోతలకు నమస్కారం. క్రిప్టోకరెన్సీ కొనడం మంచిదా కాదా అన్న చర్చను ఈ పూటకు పక్కన పెడదాం. ఇప్పటికే కొని దాచుకున్నవారు దాన్ని దొంగల పాలు కాకుండా ఎలా కాపాడుకోవాలన్నదే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న విషయం.

బ్యాంకు ఖాతాలో తేడా వస్తే మొర పెట్టుకోవడానికి ఒక అధికారి ఉంటాడు. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ వ్యవస్థలో అటువంటి మధ్యవర్తిని కావాలనే లేకుండా చేశారు కాబట్టి, ఒకసారి ఖరారైన చెల్లింపును వెనక్కు తిప్పగలవారు ఎవరూ ఉండరు. మనం వాలెట్ అని పిలుచుకునే దానిలో నిజానికి నాణేలు ఉండవు. లెక్క అంతా బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ ఖాతా పుస్తకంలో ఉంటుంది. ఆ లెక్కలో మన వాటాను కదిలించగల రహస్య తాళంచెవి మాత్రమే వాలెట్‌లో ఉంటుంది.

ఆ తాళంచెవిని మనిషి కాగితం మీద రాసుకోగలిగే రూపంలోకి తేవడానికి 2048 పదాల పట్టిక ఒకటి వాడుకలో ఉంది. చాలా వాలెట్లు అందులోంచి 12 గానీ 24 గానీ పదాలను ఒక వరుసలో మనకు ఇస్తాయి. దీన్నే సీడ్ ఫ్రేజ్ అంటారు. ఫోను పోయినా, కంప్యూటరు చెడిపోయినా ఈ పదాలు ఉంటే సొమ్ము మరో పరికరంలో మళ్లీ చేతికి వస్తుంది. మన చేతికే కాదు, ఆ పదాలు తెలిసిన ఎవరి చేతికైనా వస్తుంది. వాటిని ఊహించి పట్టుకోవడం ఎంత శక్తిమంతమైన కంప్యూటరుకైనా సాధ్యమయ్యే పని కాదు. అందుకే దొంగలు ఆ శ్రమ పడకుండా నేరుగా మనల్నే అడుగుతారు. సహాయ కేంద్రం నుంచి మాట్లాడుతున్నామని, మీ వాలెట్‌ను ధ్రువీకరించకపోతే స్తంభించిపోతుందని కంగారు పెట్టి, అసలుదానిలాగే ఉన్న నకిలీ యాప్‌లో ఆ పదాలను నింపమంటారు. నిజమైన సంస్థ ఏదీ ఆ పదాలు అడగదు కాబట్టి, అడిగిన క్షణమే అవతలివాడు మోసగాడని తేల్చుకోవచ్చు.

ఆ పదాలను ఫొటో తీయవద్దు, మెయిల్‌లో దాచవద్దు. కాగితం మీద గానీ లోహపు రేకు మీద గానీ రాసి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. 2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్ఛేంజి, అంటే క్రిప్టోకరెన్సీ కొనుగోళ్లూ అమ్మకాలూ జరిపే సంస్థ నుంచి 1,19,756 బిట్‌కాయిన్లు పోయాయి. వాటిలో దాదాపు 94,000 బిట్‌కాయిన్లను అమెరికా అధికారులు 2022లో స్వాధీనం చేసుకోగలిగారంటే, తాళంచెవులున్న ఫైలును నిందితుడు ఆన్‌లైన్ ఖాతాలో దాచుకోవడమే అందుకు కారణం. సంకేత భాషలో భద్రపరిచిన ఆ ఫైలును సైతం తెరవగలిగారు.

సొమ్మును ఎక్స్ఛేంజిలోనే వదిలేస్తే తాళంచెవి వారి దగ్గరే ఉంటుంది. టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజి 2014లో కుప్పకూలినప్పుడు సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కనిపించకుండా పోగా, వాటిలో దాదాపు 2,00,000 మాత్రమే తరువాత బయటపడ్డాయి. పెద్ద మొత్తాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉండే హార్డ్‌వేర్ వాలెట్‌లో ఉంచుకోవాలని, ఆ పరికరాన్ని తయారీదారు దగ్గరే కొనాలని నా అభిప్రాయం.

అయితే పరికరం ఒక్కటే మనల్ని కాపాడదు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజి నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ అనే క్రిప్టోకరెన్సీ పోయినప్పుడు, అక్కడ బదిలీలను ఆమోదించేవారి తాళంచెవులేవీ దొంగల చేతికి చిక్కలేదు. తెర మీద మామూలు బదిలీలా కనిపించిన దానికి వారే స్వయంగా డిజిటల్ సంతకం చేశారు. కాబట్టి అంగీకారం తెలిపే ముందు పరికరం తెర మీద ఎంత సొమ్ము పంపుతున్నారో చూసి, అది చేరవలసిన వాలెట్ చిరునామాను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చదవండి. మొదలూ చివరా మాత్రమే మనం సొమ్ము పంపే చిరునామాను పోలిన దొంగ చిరునామాలను తయారు చేసి, మన లావాదేవీల జాబితాలో కనిపించేలా చేసేవారున్నారు.

సీడ్ ఫ్రేజ్ బయటపడిందన్న అనుమానం వస్తే పాస్‌వర్డు మార్చి ప్రయోజనం లేదు. నమ్మకమైన పరికరంలో కొత్త వాలెట్ తెరిచి, మిగిలిన సొమ్మును వెంటనే అందులోకి తరలించి, ఆ తరువాత పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఆ దుఃఖంలో ఉన్నప్పుడే, పోయినది తిరిగి తెప్పిస్తామంటూ మరొకరు పలకరిస్తారు. ముందుగా కొంత రుసుము కట్టమంటారు. దయచేసి కట్టకండి, చాలాసార్లు ఆ పిలుపు కూడా మొదట మోసం చేసినవారిదే అయి ఉంటుంది.