బజారులో నవ్వు కూడా ఒక కొసరే

నమస్తే అండీ. ఈ వీడియో చేయడానికి కారణం నేను తరచుగా వినే ఒక మాట. "కూరగాయలు తేవడానికి వెళ్ళి ఆ కబుర్లేంటి, ఆ నవ్వులేంటి, పని చూసుకుని రాక!" ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. దీనికి తోడు ఇంకొకటి కూడా అంటారు, "నాకు జోకులు వేయడం రాదండీ, అదంతా నోరున్నవాళ్ళకి" అని. రెండూ తప్పే. ఎందుకు తప్పో నాకు తెలిసినంత వరకు ఇవాళ చెప్తాను, దానికి రైతుబజారులో దొరికే ఒక వస్తువును పట్టుకుని వీడియో చివరిదాకా లాగుతాను, ఓపిక పట్టండి.

ఆ వస్తువు కొసరు. కొసరంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. కాటా తూగిపోయింది, లెక్క చెప్పేశారు, మీరు సంచి దగ్గరికి లాక్కుంటున్నారు, అప్పుడు కూరగాయలమ్మే ఆవిడ చెయ్యి ఒకసారి బుట్టలోకి పోయి రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ పట్టుకొచ్చి మీ సంచిలో పడేస్తుంది చూడండి, అదీ సంగతి. ఆ రెండు మిరపకాయలకి ధర కడితే అర్ధ రూపాయి కూడా ఉండదు. కానీ ఇంటికెళ్ళాక కిలో వంకాయల గురించి ఎవరూ మాట్లాడరు, "ఆవిడ దగ్గరే కొనండి, ఒక గుప్పెడు ఎక్కువే వేస్తుంది" అని కొసరు గురించే చెప్పుకుంటారు.

కొత్తవాళ్ళతో సరదాగా అనే మాట కూడా అచ్చం ఇలాంటిదే. పని జరిగిపోయింది, డబ్బులు ఇచ్చేశాం, దాని మీద ఒక చిన్న మాట ఎక్కువ పడుతుంది. దాని కోసం ఎవరూ బజారుకి రారు, కానీ అది దొరికిన రోజు మాత్రం వేరుగా ఉంటుంది.

ముందు ఆ "నాకు జోకులు రావు" సంగతి తేల్చేద్దాం. రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికాలో మేరీలాండ్‌లో ఒక ప్రొఫెసర్ ఉండేవారు. నవ్వు మీద పరిశోధన చేశారు. జనాన్ని గదిలో కూర్చోబెట్టి కామెడీ చూపించడం వల్ల పెద్దగా ఏమీ తెలియట్లేదని, ఆయనా ఆయన విద్యార్థులూ మాల్స్‌కి, ఫుట్‌పాత్‌ల మీదికి, కాలేజీ ఆవరణల్లోకి వెళ్ళి, మామూలు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటున్నప్పుడు ఎక్కడ నవ్వుతున్నారో, నవ్వే ముందు ఏ మాట అన్నారో రాసుకున్నారు. మొత్తం 1,200 నవ్వులు. వాటిలో జోకు అనదగ్గ మాట తర్వాత వచ్చిన నవ్వులు ఎన్నో తెలుసా? 10 నుంచి 20 శాతం. అంతే. మిగతావన్నీ "నిజంగానా?", "మిమ్మల్ని కలవడం నాకూ సంతోషంగా ఉంది" లాంటి చప్పటి మాటలే. ఇంకో విషయం, వినేవాళ్ళ కంటే మాట్లాడేవాళ్ళే 46 శాతం ఎక్కువగా నవ్వారు.

అంటే మనుషుల మధ్య నవ్వు పుట్టడానికి పంచ్ డైలాగ్ అక్కర్లేదు. కొసరుగా ఆవిడ వేసేది యాపిల్ పండు కాదు కదా, కరివేపాకే కదా! మనవాళ్ళు ఫోన్‌లో స్టాండప్ కామెడీలు చూసీ చూసీ, నవ్వించాలంటే ఆ స్థాయిలో ఉండాలనుకుని నోరు కట్టేసుకుంటున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

[స్క్రీన్ మీద: రేషన్ షాపు, ఈ-పాస్ యంత్రం]

ఇప్పుడు మా పక్క వీధి రేషన్ షాపులో నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను. నెల మొదటి వారం, లైను రోడ్డు దాకా ఉంది. ముందు ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి. యంత్రం మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది, పడలేదు. చూపుడు వేలు, అదీ పడలేదు. వెనక గొణుగుడు మొదలైంది. డీలరు కొంచెం విసుగ్గానే "పెద్దమ్మా, నీ వేళ్ళు అరిగిపోయాయి" అన్నాడు. ఆవిడ అతని మొహంలోకి చూసి, "పోయిన నెల నువ్విచ్చిన బియ్యం కూడా అరిగిపోయాయి నాయనా, అందుకే వచ్చాను" అంది.

ముందు డీలరు నవ్వాడు, తర్వాత లైను మొత్తం నవ్వింది. ఆ తర్వాత జరిగింది చూడండి. అతను లేచి గుడ్డ తడిపి యంత్రం అద్దం తుడిచాడు, ఆవిడ వేలు కూడా తనే తుడిచాడు, రెండో చెయ్యి పెట్టించాడు, పడింది. ఇవన్నీ రెండు నిమిషాల ముందు కూడా చేయగలిగేవాడే. ఆ మాట పడ్డాకే చేయాలనిపించింది.

ఆవిడ చేసిందేంటో జాగ్రత్తగా గమనించండి. కొత్త జోకు ఎక్కడినుంచో పట్టుకురాలేదు, అతను అన్న మాటనే తీసుకుంది. కొసరు ఎప్పుడూ అదే బుట్టలోంచి వస్తుంది, మిరపకాయలు అమ్మే మనిషి పక్క కొట్టుకెళ్ళి బిస్కెట్ తెచ్చి వేయదు. ఇద్దరి మధ్యా ఉన్న దాన్నే, ఇద్దరికీ కనిపిస్తున్న దాన్నే తీసుకోవాలి. రెండోది, ఆ మాటలో అతన్ని తక్కువ చేసింది ఏమీ లేదు, తను దేబిరించిందీ లేదు. ఈ సమతూకం ఉంది చూశారూ, దీనికి నేను దండం పెడతాను.

ఇది ఎందుకు పనిచేస్తుందో కూడా కాస్త చెప్పుకుందాం. పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అని ఇద్దరు పరిశోధకులు 2010లో ఒక వివరణ ఇచ్చారు. ఏదో ఒకటి ఉండాల్సిన తీరులో లేదనిపించాలి, కానీ దానివల్ల ఎవరికీ దెబ్బ తగలదని కూడా అదే క్షణంలో అనిపించాలి, ఆ రెండూ కలిసిన చోట నవ్వొస్తుంది. ఇప్పుడు మన రోజువారీ పనులు తలుచుకోండి, ఉండాల్సిన తీరులో ఏదైనా ఉంటుందా అసలు? మీసేవలో సర్వర్ డౌన్. బస్సులో చిల్లర లేదు. 2023 జులైలో టమాటా కిలో నూట యాభై దాటింది, టమాటాలకి పేరున్న మదనపల్లె మార్కెట్ పక్కనే ఉన్నవాళ్ళు కూడా చింతపండు పులుసుతో సరిపెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఒకతను బండి మీద టమాటాలు పేర్చుకుని, ధర అడిగిన ప్రతివాళ్ళతో "చూడ్డానికి ఫ్రీ అమ్మా, తీసుకుంటే నూట అరవై" అనేవాడు. జనం ధర విని తిట్టుకుంటూ పోవాల్సిన చోట నవ్వుకుంటూ ఓ పావు కిలో తీసుకునేవాళ్ళు. ధర అతని తప్పు కాదు, కొనేవాళ్ళ తప్పూ కాదు, అందుకే ఆ మాట ఎవరికీ గుచ్చుకోలేదు.

ఇలాంటిదే ఆర్టీసీ బస్సులో కండక్టరు చేసే పని. ఇద్దరికి చిల్లర ఇవ్వాలి, చిన్న నోట్లు లేవు, ఇద్దరి చిల్లరా కలిపి ఒకే వంద నోటు ఒకరి చేతిలో పెట్టి "దిగాక ఇద్దరూ పంచుకోండి" అని ముందుకి పోతాడు. అంతవరకు ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు ఆ నోటుతో కట్టుబడిపోతారు. ఒకాయన పక్కాయనతో "అయితే మా స్టాపు వచ్చేదాకా మనం చుట్టాలమే అండీ" అనగానే రెండోవాయన సీట్లో జరిగి చోటిచ్చాడు. నోటు తీసుకుని దిగిపోతాడేమో అనే అనుమానం అక్కడే పోయింది. నేనైతే దీన్ని చిన్న విషయం అనుకోను.

సరే, "ఎదుటివాళ్ళకి చిరాకేమో" అనే భయం ఉంది కదా. దీని మీద కూడా పరీక్షలు చేశారు. 2014లో షికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ రోజూ రైల్లో ఆఫీసుకెళ్ళేవాళ్ళలో కొందరిని పక్కన కూర్చున్న కొత్త మనిషితో మాట్లాడమన్నారు, కొందరిని ఏకాంతంగా కూర్చోమన్నారు, కొందరిని రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్ళమన్నారు. ఏది బాగుంటుంది అని అలాంటి ప్రయాణికుల్నే వేరే కొందరిని అడిగితే, కొత్తవాళ్ళతో మాట్లాడటమే అన్నిటికంటే ఇబ్బంది అని ఊహించారు. తీరా చూస్తే, నిజంగా మాట్లాడినవాళ్ళకే ప్రయాణం ఎక్కువ హాయిగా గడిచింది. అదే ఏడాది గిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ కెనడాలో వాంకూవర్‌లోని ఒక కాఫీ షాపు దగ్గర ఇంకో పరీక్ష చేశారు. సగం మందిని డబ్బులు చేతిలో సిద్ధంగా పెట్టుకుని చకచకా కాఫీ తీసుకుని రమ్మన్నారు. మిగతా సగాన్ని కౌంటర్‌లో మనిషి కళ్ళలోకి చూసి, నవ్వి, ఓ రెండు మాటలు మాట్లాడి రమ్మన్నారు. రెండో గుంపువాళ్ళ మనసే తేలిగ్గా ఉంది, చుట్టుపక్కల మనుషుల్లో తామూ ఒకరన్న భావన కూడా వాళ్ళకే ఎక్కువ కలిగింది. "పని చూసుకుని రాక" అనేవాళ్ళకి నా జవాబు ఇదే.

ఇక్కడ మన దగ్గర ఉన్న ఒక సదుపాయం గురించి తప్పకుండా చెప్పాలి, నాకు ఇది చాలా ఇష్టమైన విషయం. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో పరిహాసపు బంధుత్వాల మీద ఒక వ్యాసం రాశాడు. కొన్ని వరసల మధ్య ఎగతాళి చేసుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టకూడదు, కొన్ని వరసల మధ్య మాత్రం మర్యాద, దూరం పాటించాలి, చాలా సమాజాల్లో ఈ ఏర్పాటు ఉంది అని. మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బావా మరదళ్ళు, వదినా మరదళ్ళు, తాతా మనవళ్ళు ఎంతైనా ఆటపట్టించుకోవచ్చు. మామగారి ముందు కోడలు ఆచితూచి మాట్లాడుతుంది. మనం ఈ వరసల్ని ఇంట్లో వదిలేసి బజారుకి రాం, వెంట తెచ్చుకుంటాం. కొబ్బరిబొండాలాయన్ని "తాతా" అని పిలిచారంటే ఆయనకీ మీకూ ఆటపట్టించుకునే హక్కు వచ్చేసినట్టే, "బొండంలో నీళ్ళు తక్కువైతే ఊరుకోను తాతా" అంటే "తక్కువైతే నా చెంబులోవి కలుపుతాలే మనవడా" అంటాడు. "అన్నా" అంటే ఇంకో మోతాదు, "ఏవండీ" అంటే చాలా కొంచెం. విశాఖ, గోదావరి వైపు కుర్రాళ్ళు ఊరూ పేరూ తెలియని తోటి కుర్రాణ్ణి "ఏం బావా" అని పలకరిస్తారు, వేళాకోళానికి అక్కడే తలుపు తెరుచుకుంటుంది. కానీ మగవాళ్ళకి ఒక మాట. తెలియని ఆడవాళ్ళ మీద వదిన, మరదలు వరసలు కలిపి పరాచికాలాడటం చనువు కాదు, వేధింపు. అక్కా, అమ్మా దగ్గర ఆగండి. ఆవిడ తిరిగి నవ్వకపోతే అక్కడితో అయిపోయింది.

దీని తర్వాత నాకు ఎక్కువ కోపం తెప్పించే విషయం, ప్రాంక్ వీడియోలు. ముసలాయన బండి దగ్గరికెళ్ళి, కొన్నట్టు నటించి, డబ్బులివ్వకుండా పరిగెత్తి, ఆయన కంగారుని కెమెరాలో పట్టి, చివర్లో "సరదాకే తాతా" అనడం. కొసరు అమ్మేవాళ్ళ చేత్తో పడాలి. మనం బుట్టలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసేసుకుంటే దాని పేరు దొంగతనం. మనిషి రంగు మీద, లావు మీద, యాస మీద, పేదరికం మీద వేసే జోకులన్నీ ఈ కోవలోవే. కౌంటర్ వెనక ఉన్న మనిషి ఎదురు మాట అనలేని పరిస్థితిలో ఉన్నాడని గుర్తుపెట్టుకోండి. డెలివరీ కుర్రాడు మీరిచ్చే రేటింగ్ కోసం నవ్వుతాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఉద్యోగం కోసం నవ్వుతాడు. అలా బలవంతాన తీసుకున్నది కొసరు కాదండీ, మామూలు.

టైమ్ చూస్తే అయిపోవచ్చింది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. కాటా తూగాకే కొసరు, కాబట్టి ముందు పని కానివ్వండి. వెనక లైను ఉంటే ఒక్క మాటతో ఆపేయాలి. అవతలి మనిషి తలెత్తకపోతే, కళ్ళు ఎర్రగా ఉంటే, ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతుంటే ఆ రోజుకి వదిలేయండి. మీ మాట పేలకపోతే దాన్ని మళ్ళీ వివరించొద్దు, "థ్యాంక్స్ అన్నా" అని వచ్చేయండి, ఎవరూ గుర్తుపెట్టుకోరు.

యూపీఐ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. చిల్లర వెతుక్కునే ఆ అర నిమిషం ఇదివరకు మాటలకి చోటిచ్చేది, ఇప్పుడు స్కాన్ చేసి తలెత్తకుండా వెళ్ళిపోతున్నాం. అయినా ఫోన్‌లో ఆ చక్రం తిరుగుతూ, డబ్బులు పడ్డాయని చెప్పే డబ్బా పలకక, ఇద్దరూ దాని వైపే చూస్తూ నిలబడే క్షణం ఒకటి ఉంటుంది చూడండి, అది మంచి అదును. "మీ డబ్బా నోరు విప్పితే గానీ నన్ను వదిలేలా లేరు" అంటే చాలు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి వరసలు కలిపే వీలు ఉండదు, కాబట్టి అక్కడ వాన, చలి, లైను, ఇలా ఇద్దరి ఎదుటా ఉన్నదాన్నే పట్టుకోండి, సరిపోతుంది.

బేరమాడేటప్పుడు పడే ఛలోక్తుల సంగతి ఇందులో పట్టలేదు. అక్కడ నవ్వు ధర తగ్గించడానికి వాడతారు కాబట్టి ఆ లెక్కే వేరు, దాన్ని వచ్చే వీడియోలో విడిగా చెప్తాను. ఉంటానండీ.