తలుపు అందరికీ మూశారు

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఇంత ఎండలో ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. మహిళా దినోత్సవానికి పిలిచి ‘ఆత్మవిశ్వాసం’ గురించి మాట్లాడమన్నారు. ముందు వేరే సంగతి ఒకటి తేల్చుకోవాలి.

ఇందాక మాట్లాడిన తమ్ముడు అడిగాడు: “సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువెత్తింది కరణం మల్లీశ్వరి. కాంస్యం మెడల్ ఆవిడది. మీరు ఆడవాళ్లయినంత మాత్రాన గర్వపడటం ఏమిటి?” మంచి ప్రశ్న. వ్యాయామ టీచర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని, జవాబు చెప్పే తీరాలి.

ఒలింపిక్స్‌లో మగవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 1896లో, మొదటి ఏథెన్స్ పోటీల్లోనే ఉంది. ఆడవాళ్లకి ఎప్పుడు పెట్టారు? 2000లో, సిడ్నీలో. అన్నేళ్లూ ఎవరినైనా పిలిచి, రాడ్డు చేతికిచ్చి, నీకు బలం చాలదని పంపించారా? లేదమ్మా. ఆడది అన్నారు, అంతే. ఎత్తగలిగినదాన్నీ ఎత్తలేనిదాన్నీ కలిపే బయట నిలబెట్టారు. అందరికీ కలిపి మూసిన తలుపు తెరుచుకుంటే, ఆ సంతోషం ఒక్కరిదే ఎలా అవుతుంది?

మల్లీశ్వరిది మన శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర నేర్చుకుంది. 1994, 95లో ప్రపంచ ఛాంపియన్. అయినా సిడ్నీకి వెళ్లేముందు ఒళ్లు పెరిగిందనీ, పనైపోయిందనీ పేపర్లలో రాశారు. ఒంటి బరువు 69 కిలోల లోపు వాళ్ల విభాగంలో, ఒక్క ఊపున తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110 కిలోలు, ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. బంగారు పతకానికి 242.5 చాలింది! ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికి వచ్చింది ఆవిడ తెచ్చిన ఆ ఒక్క కాంస్యమే.

అంతకు చాలా ముందు, నేను పనిచేసిన బడిలో ఒక అమ్మాయి ఉండేది. సాయంత్రం మగపిల్లలు వెళ్లాక స్టోర్ రూమ్‌లో ప్లేట్లు లేని ఒట్టి రాడ్డు ఎత్తేది. ముందు అరచేతులు పావడాకి రుద్దుకునేది, చెమటకి జారిపోకుండా. మడమలు కదిలేవి కావు, నడుం నిటారుగా ఉండేది. ఎవరూ నేర్పలేదు! వాళ్ల నాయనమ్మ బడికొచ్చి, “కడుపు జారిపోద్ది, రేపు దీన్నెవడు చేసుకుంటాడు” అని గోల పెట్టింది. హెడ్మాస్టర్ ఆ స్టోర్ రూమ్‌కి తాళం వేయించారు. పోట్లాడాను. తాళంచెవి నా దగ్గరుంచమన్నాను. ఇవ్వలేదు. పదో తరగతితో ఆ పిల్ల చదువూ ఆగిపోయింది.

సిడ్నీ మెడల్ వచ్చిన మర్నాడు అదే హెడ్మాస్టర్ ప్రేయర్‌లో “మన జిల్లా ఆడపడుచు” అని ఉపన్యాసం ఇచ్చి లడ్డూలు పంచారు. తాళం మాత్రం తియ్యలేదు. నేను లడ్డూ తినలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

తమ్ముడూ, గర్వపడే హక్కు నాకుంది. నీకూ ఉంది, నువ్వూ ఈ జిల్లావాడివే. కానీ ఇందాక వస్తూ మీ కాలేజీ జిమ్ గది చూశాను. తలుపు మీద ‘బాలురకు మాత్రమే’ అని పెయింట్‌తో రాసి ఉంది. అమ్మాయిలూ, మీరెవరూ అడగలేదా? అడిగితే ఏమన్నారు? గట్టిగా చెప్పండి, ప్రిన్సిపాల్ గారు ఇక్కడే ఉన్నారు.

ఆత్మవిశ్వాసం గురించి ఇంకేం చెప్పను. సార్, శాలువా వద్దు. ఆ గది రోజూ సాయంత్రం ఓ గంట వీళ్లకి ఇవ్వండి. రేపు అయిదింటికి నేనొస్తాను. రాడ్డు పట్టుకోవడం నేర్పిస్తాను. వచ్చేవాళ్లు బూట్లు వేసుకుని రండి, చెప్పులతో వద్దు.